ఇష్టమైన చదువా? ఉపాధినిచ్చే చదువా?

పరిగి నుండి మాకు ఒకే కవరులో రెండు ఉత్తరాలు వచ్చాయి. ఒకటి తండ్రి రాసింది, రెండవది కూతురు రాసింది. ఒకరి ఉత్తరం మరొకరు చదివే కవరు అంటించారని ఇద్దరి రాతలోనూ తెలుస్తోంది. ఆ ఒక్క విషయమే మాకు ఎంతో సంతోషం కలిగించింది. ఇలాంటి తగాదాలు మన ఇళ్ళల్లో సాధారణంగా వంటగదిలో ఏడుపుతోనో, పది రోజుల మౌనంతోనో ముగుస్తాయి.

తండ్రి దర్జీ. పెద్దకొడుకు తాండూరులో నాపరాళ్ళ పాలిష్ యూనిట్‌లో పనిచేస్తున్నాడు. కూతురు గణితం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రాలతో బి.ఎస్సీ. పూర్తిచేసింది. పి.జి. ప్రవేశ పరీక్ష రెండు సబ్జెక్టుల్లో రాస్తే రెండింటిలోనూ సీటు రాగల ర్యాంకు వచ్చింది. ఎం.ఎస్సీ. ఆర్గానిక్ కెమిస్ట్రీ చేయమని తండ్రి అంటున్నారు, హైదరాబాదు చుట్టూ మందుల కంపెనీలున్నాయి, చదువు పూర్తికాగానే ఉద్యోగం దొరుకుతుందని. అమ్మాయి మాత్రం ఎం.ఎస్సీ. ఫిజిక్స్ చేస్తానంటోంది. చిన్నప్పటి నుండి తనకు ఆకాశం మీదే ధ్యాస అని, కెమిస్ట్రీలో మార్కులైతే వచ్చాయి గానీ మనసు రాలేదని రాసింది.

తండ్రి అడిగిన ప్రశ్న ఇది: “జనాబ్, తల్లిదండ్రుల మాట వినడం సంతానానికి విధి కదా, ఈ విషయంలో మా అమ్మాయికి మీరైనా చెప్పండి.” కూతురు అడిగింది ఇది: “నాకు ఇష్టమైన చదువు కోరుకోవడం నఫ్స్ కోరికలను అనుసరించడమే అవుతుందా? అబ్బా మాట కాదంటే నేను పాపం చేసినట్టా?”

ఇది ఒక్క పరిగి ఇంటి ప్రశ్న కాదు. ఇంటర్, డిగ్రీ ఫలితాలు వచ్చిన ప్రతి ఏడాదీ ఇలాంటి ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. అందుకే ఈసారి కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందుగా తండ్రి గారి ప్రశ్న. తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా మెలగమని దివ్య ఖుర్ఆన్ తన ఏకదైవారాధన ఆజ్ఞ పక్కనే చెప్పింది. వారి ముందు విసుగును వెల్లడించే చిన్నమాట కూడా అనవద్దని వారించింది. ఇందులో సందేహం లేదు. అయితే సేవ, గౌరవం, మృదుభాషణ వేరు; సంతానం ఏ విద్య అభ్యసించాలన్నది ఏకపక్షంగా నిర్ణయించే హక్కు వేరు. రెండు మార్గాలూ ధర్మసమ్మతమైనప్పుడు, ఒకదాన్ని ఎన్నుకున్న బిడ్డను అవిధేయురాలిగా లెక్కకట్టడం సరైన పద్ధతి కాదని మా అభిప్రాయం. హిజ్రీ 8వ శతాబ్దపు పండితుడు ఇబ్ను ఖయ్యిమ్ (రహ్మ) పిల్లల పెంపకంపై రాసిన ‘తుహ్‌ఫతుల్ మౌదూద్’ అనే గ్రంథంలో ఈ విషయం ప్రత్యేకంగా ప్రస్తావించారు. బిడ్డ దేనికి అనువుగా సృష్టించబడ్డాడో, అతని మొగ్గు ఎటువైపు ఉందో గమనించమని, దానికి విరుద్ధమైన పనిలోకి నెట్టితే అందులో రాణించడని, తనకు సహజంగా అబ్బే దాన్నీ కోల్పోతాడని తండ్రులను హెచ్చరించారు. ఆయన ఆ మాట రాసి ఆరు వందల ఏళ్ళు దాటింది. ఇప్పటి విద్యా నిపుణులు ఇదే మాట చెబితే మనం అదేదో కొత్త విషయమనుకుంటాం!

కనుక అమ్మాయి అడిగినదానికి సూటి జవాబు ఇది. అల్లాహ్ సృష్టించిన సూర్యచంద్ర నక్షత్రాల నియమాలను తెలుసుకోవాలన్న కోరిక నఫ్స్ కోరిక కాదు. భూమ్యాకాశాల సృష్టిలో, రేయింబవళ్ళ మార్పులో బుద్ధిమంతులకు సూచనలున్నాయని ఖుర్ఆన్ స్వయంగా మన చూపును ఆకాశం వైపు తిప్పింది. హిజ్రీ 10వ ఏట దైవప్రవక్త (సల్లం) చిన్న కుమారుడు ఇబ్రాహీమ్ మరణించిన రోజున సూర్యగ్రహణం పట్టింది. ఆ బిడ్డ మరణం వల్లనే గ్రహణం పట్టిందని జనం అనుకున్నారు. పుత్రశోకంలో ఉన్న తండ్రికి ఆ మాట ఎంత ఓదార్పుగా ఉండేది! అయినా ఆయన (సల్లం) దాన్ని ఒప్పుకోలేదు. సూర్యచంద్రులు అల్లాహ్ సూచనల్లో రెండు సూచనలని, ఎవరి చావుపుట్టుకల వల్లా వాటికి గ్రహణం పట్టదని ప్రజలకు బోధించి, వారిని నమాజు వైపు మరల్చారు. మూఢనమ్మకం తన కుటుంబానికే గౌరవం తెచ్చిపెడుతున్నా సరే, దాన్ని నిలువనీయలేదు.

మన ప్రాంతం సంగతీ చెప్పుకోవాలి. హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ 1901లో వేధశాల స్థాపించారు. 1908లో అది నిజాం ప్రభుత్వం చేతికి వచ్చింది, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమయింది. ప్రపంచ దేశాల వేధశాలలు కలిసి ఆకాశమంతటినీ పంచుకుని ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేసిన మహాయత్నంలో మన నిజామియా వేధశాల కూడా తన వంతు భాగం పూర్తిచేసింది. ఆ తర్వాత పాత రంగారెడ్డి జిల్లాలోనే జాపాల-రంగాపూర్ వద్ద 48 అంగుళాల దూరదర్శిని వెలిసింది. 1980 ఫిబ్రవరి 16న సంపూర్ణ సూర్యగ్రహణం నాడు పల్లెల్లో, పట్నాల్లో జనం భయంతో తలుపులు మూసుకుని కూర్చుంటే, శాస్త్రవేత్తలు అక్కడ పరికరాలు బిగించుకుని పని చేసుకున్నారు. పరిగి అమ్మాయి ఆకాశాన్ని కోరుకోవడంలో కొత్త ఏమీ లేదన్నమాట.

ఇంతవరకు చదివి మేము అమ్మాయి పక్షాన నిలబడ్డామని తండ్రి గారు అనుకోవద్దు. అసలు చిక్కు ఇక్కడి నుండే మొదలవుతుంది.

ఇష్టం ఉన్నంత మాత్రాన ఇల్లు గడవదు. తన పోషణలో ఉన్నవారిని గాలికొదిలేయడం మనిషికి పాపంగా చాలునని దైవప్రవక్త (సల్లం) చెప్పారు. ఉపాధి కోసం పాటుపడటం ఇస్లాంలో చిన్నచూపు చూడదగిన పని కాదు. దావూద్ ప్రవక్త (అలై) రాజై ఉండి కూడా తన చేతి కష్టం తిన్నారని, అంతకంటే మంచి ఆహారం ఎవరూ తినలేదని హదీసులో ఉంది. మన ఉపన్యాసాల్లో ఒక పొరపాటు తరచు దొర్లుతుంది. ఉపాధి అల్లాహ్ చేతిలో ఉంది, కాబట్టి ఉద్యోగం సంగతి ఆలోచించకు అని యువకులకు చెబుతుంటారు. భూమిపై సంచరించే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనన్నది మన విశ్వాసం, నిజమే. కానీ తవక్కుల్ గురించి చెప్పిన హదీసులో పక్షుల ఉదాహరణ ఉంది కదా, అవి ఉదయం ఖాళీ కడుపుతో బయలుదేరి సాయంత్రం నిండు కడుపుతో తిరిగివస్తాయి. గూట్లో కూర్చున్న పక్షి గురించి అందులో లేదు. తండ్రి గారు కూతురి ఉద్యోగం గురించి ఆలోచించడం ఈమాన్ లోపం కాదు, ఆయన బాధ్యత.

కెమిస్ట్రీ చదువు కేవలం ‘డబ్బు చదువు’ అనుకోవడం కూడా అన్యాయమే. 1961లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. సంస్థ బాలానగర్‌లో ఫ్యాక్టరీ పెట్టింది. అక్కడ పనిచేసి అనుభవం గడించినవారిలో అంజిరెడ్డి వంటివారు తర్వాత సొంతంగా కంపెనీలు పెట్టారు. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్‌ను స్థాపించారు. ఈనాడు హైదరాబాదు నుండి మందులు ఎన్నో దేశాలకు వెళుతున్నాయంటే దాని వెనుక వేలాది మంది రసాయనశాస్త్ర పట్టభద్రుల శ్రమ ఉంది. ప్రతి వ్యాధికీ అల్లాహ్ మందు కూడా పంపాడని ప్రవక్త (సల్లం) తెలిపారు. ఆ మందును వెతికే చేయి పుణ్యకార్యంలో లేదని ఎవరనగలరు? జాబిర్ బిన్ హయ్యాన్ పేరు చెప్పుకుని గర్వపడే మనం, జీడిమెట్లలో ల్యాబ్ కోటు తొడుక్కున్న మన అమ్మాయిని తక్కువగా చూస్తే ఎలా?

అయితే ఆ రంగంలోకి పంపే ముందు తండ్రి గారు తెలుసుకోవలసినవి కొన్ని ఉన్నాయి. పటాన్‌చెరు ప్రాంతపు చెరువులు, వాగులు పాడైన కథ దశాబ్దాలుగా కోర్టుల్లో నలిగింది. 2007లో స్వీడన్ పరిశోధకులు అక్కడి శుద్ధి కేంద్రం నుండి బయటికి వచ్చే నీటిని పరీక్షిస్తే, సిప్రోఫ్లాక్సాసిన్ అనే మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా కనిపించింది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక కర్మాగారంలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. ఇవి కెమిస్ట్రీ చదవవద్దని చెప్పడానికి రాయడం లేదు. పొరుగువారి నీళ్ళను పాడుచేసే పనిలో మన చేయి ఉంటే ఆ జీతం ఎలాంటిదన్న ప్రశ్న విశ్వాసికి ఉంటుంది. షిఫ్టు వేళలు, నమాజు సమయం, రాత్రిపూట రాకపోకలు, భద్రత, ఇవన్నీ కూడా ‘ఉద్యోగం వస్తుంది’ అన్న రెండు మాటల్లోనే దాగి ఉంటాయి. విడదీసి చూడాలి.

ఫిజిక్స్ సంగతీ అంతే, విడదీసి చూడాలి. ఎం.ఎస్సీ. పూర్తిచేస్తే చాలు పాఠశాల ఉపాధ్యాయ ఉద్యోగం వస్తుందనుకోవడం పొరపాటు, బి.ఎడ్., టెట్ కావాలి. జూనియర్ లెక్చరర్ పోస్టులు ఉంటాయి గానీ వాటి కోసం ఎదురుచూపు ఎంతో చూడండి. 2022 డిసెంబరులో 1392 పోస్టులకు ప్రకటన వెలువడితే, ఎంపికైన వారి చేతికి నియామక పత్రాలు 2025లో అందాయి. పరిశోధన వైపు వెళితే సి.ఎస్.ఐ.ఆర్. నెట్‌లో జె.ఆర్.ఎఫ్. సాధించాలి, 2023 జనవరి నుండి దాని నెలసరి వేతనం 37,000 రూపాయలు. అది సాధించిన పిల్లకు ఇంటి నుండి డబ్బు పంపే అవసరమే రాదు, పైగా ఆమే ఇంటికి పంపగలదు. కానీ ఆ పరీక్ష సులువు కాదు. మైనారిటీ విద్యార్థుల పి.హెచ్‌డి. కోసం ఉండిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను కేంద్రం 2022 డిసెంబరులో ఆపేసింది, కాబట్టి ఆ ఆశ పెట్టుకోకూడదు. మరోవైపు నీట్, జె.ఇ.ఇ. శిక్షణనిచ్చే ప్రైవేటు కళాశాలల్లో ఫిజిక్స్ బాగా చెప్పగలవారికి గిరాకీ ఉంది. అంటే ఫిజిక్స్‌లో అన్నం లేదన్న మాట నిజం కాదు. ఆలస్యంగా వస్తుంది, బాగా చదివినవారికే వస్తుందన్నది నిజం.

‘గ్యారంటీ ఉద్యోగం’ అనే మాట మీద మాకు పెద్దగా నమ్మకం లేదని కూడా చెప్పాలి. 2000 తర్వాతి సంవత్సరాల్లో మన వీధుల్లో ఎం.సి.ఏ. అంటే ఎంత మోజు! ఆ తర్వాత బయోటెక్నాలజీ అన్నారు, మైక్రోబయాలజీ అన్నారు. తల్లుల నగలు అమ్మి చేర్పించిన పిల్లల్లో ఎంతోమంది ఆ చదువుతో సంబంధం లేని పనుల్లో స్థిరపడ్డారు. చేరేటప్పటి మార్కెట్టు, బయటికి వచ్చేటప్పటి మార్కెట్టు ఒకటి కావు.

ఈ సందర్భంలో ఇమామ్ గజాలీ (రహ్మ) రాసిన ఒక విషయం గుర్తుకు వస్తోంది. ఆయన హిజ్రీ 505లో మరణించారు. ‘ఇహ్యా’ గ్రంథంలోని విద్యా ప్రకరణంలో ఆయన తన కాలపు చదువుల తీరు చూసి బాధపడ్డారు. ఎన్నో పట్టణాల్లో ముస్లిం వైద్యుడు ఒక్కడూ లేడు, వైద్యం సామూహిక విధి అయి ఉండి కూడా దాన్ని నేర్చుకునేవాడు లేడు, అందరూ ఫిఖ్‌హ్ వాదోపవాదాల చదువు మీదనే పడుతున్నారు అని రాశారు. కారణమేమిటి? వైద్యం చదివితే వఖ్ఫు ఆస్తుల అజమాయిషీ రాదు, అనాథల సొమ్ముపై అధికారం రాదు, ఖాజీ పదవి రాదు. చూశారా! ధార్మిక విద్య కూడా ఆనాడు ‘ఉద్యోగం వచ్చే కోర్సు’ అయిపోయింది, జనం దాని వెంట పడ్డారు, సమాజానికి కావలసిన వైద్యం ఖాళీగా మిగిలిపోయింది. ఏ చదువు గొప్పదన్నది కాదు ఆయన ప్రశ్న. ఏ స్థానం ఖాళీగా ఉంది, దాన్ని భర్తీ చేయకపోతే పాపం ఎవరిది అన్నది ఆయన ప్రశ్న. ఫర్జె కిఫాయా అంటే ఇదే. కొందరు నెరవేరిస్తే అందరి మెడ మీది భారం దిగుతుంది, ఎవరూ నెరవేర్చకపోతే అందరూ దోషులవుతారు.

ఈ కొలతతో చూస్తే మన స్థితి ఏమిటి? 2006 నవంబరులో సచార్ కమిటీ నివేదిక వచ్చినప్పుడు, ఇరవై ఏళ్ళు దాటిన ముస్లింలలో పట్టభద్రులు నూటికి నలుగురి కంటే తక్కువని తేలింది. ఆ తర్వాత మార్పు వచ్చింది, మన ఆడపిల్లలు ముందుకు వస్తున్నారు. అయినా ఒక ముస్లిం అమ్మాయి విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్రం బోధించడం మన మొహల్లాల పిల్లలు ఎంతమంది చూశారు? ఆ స్థానం ఖాళీగానే ఉందని మేము అనుకుంటున్నాం.

ఇక్కడ అమ్మాయికి ఒక మాట. నీ ఇష్టం ఎలాంటిదో నువ్వే పరీక్షించుకోవాలి బేటీ. రాత్రి డాబా మీద పడుకుని చుక్కలు చూడటం ఒక ఇష్టం. క్వాంటమ్ మెకానిక్స్ లెక్క ఒకటి మూడు రోజులు తేలకపోయినా వదలకుండా కూర్చోవడం మరో ఇష్టం. ఎం.ఎస్సీ. ఫిజిక్స్‌లో మొదటిది తక్కువ, రెండవది ఎక్కువ. బస్రాలో పుట్టి కైరోలో స్థిరపడిన ఇబ్నుల్ హైసమ్ కాంతిశాస్త్రంపై ఏడు భాగాల గ్రంథం రాశారు. కంటి నుండి కిరణాలు బయటికి పోవడం వల్ల చూస్తామన్న పాత అభిప్రాయాన్ని తిప్పికొట్టారు. ఆయన అన్నం ఎలా తిన్నారో తెలుసా? గణిత గ్రంథాల ప్రతులు తన చేత్తో రాసి అమ్ముకుని, ఆ డబ్బుతో ఏడాదంతా గడిపేవారని చరిత్రకారుడు ఇబ్నుల్ ఖిఫ్తీ తెలిపారు. ఇమామ్ అబూ హనీఫా (రహ్మ) కూఫాలో పట్టుబట్టల వ్యాపారి. మనసు పెట్టిన విద్య ఒకటి, పొట్ట నింపిన పని మరొకటి. ఒకే పని రెండూ ఇచ్చితీరాలన్నది ఈ కాలపు పట్టుదల. ఫిజిక్స్ ఎన్నుకుంటే, మొదటి ఏడాది నుండే సాయంత్రం ఇద్దరు పిల్లలకు పాఠం చెప్పి నీ హాస్టలు ఖర్చులో కొంతైనా భరించే ఆలోచన నీ ఉత్తరంలో కనిపించలేదు. మీ భాయ్‌జాన్ నాపరాళ్ళ దుమ్ములో సంపాదించిన డబ్బు అది.

షరీఅత్‌లో స్త్రీపై కుటుంబ పోషణ భారం లేదు. పెళ్ళికి ముందు తండ్రిది, తర్వాత భర్తది. ఆమె సంపాదిస్తే అది ఆమె సొంతం. కనుక ఇదే ప్రశ్న ఇంటి భారం మోస్తున్న పెద్దకొడుకు అడిగి ఉంటే మేము కెమిస్ట్రీ వైపు మరింత మొగ్గేవాళ్ళం. ఆడపిల్ల విషయంలో ‘త్వరగా సంపాదించాలి’ అన్న ఒత్తిడికి షరీఅత్ ఆధారం బలహీనం. ఫిజిక్స్ చదివితే సంబంధాలు రావని ఇరుగుపొరుగు అంటున్నారని తండ్రి గారు రాశారు. కెమిస్ట్రీ చదివితే వస్తాయా? ఆ లెక్క మాకు అర్థం కాలేదు.

ఒక్క విషయంలో మాత్రం మేము మెతకగా ఉండలేము. ఏ సబ్జెక్టయినా సరే, వడ్డీ అప్పుతో వద్దు. సెల్ఫ్ ఫైనాన్స్ సీటు కోసం వడ్డీకి తెచ్చే ఆలోచన ఉన్నట్టు తండ్రి గారి ఉత్తరంలో ఒక వాక్యం సూచిస్తోంది. మామూలు ఫీజుతో సీటు వచ్చే సబ్జెక్టు ఏదో చూడండి. రెండింటిలో ఒకదానికి వడ్డీ తప్పదంటే, నిర్ణయం అక్కడికక్కడే అయిపోయినట్టే.

ఇక మిగిలినది మన వంతు. ఇమామ్ అబూ యూసుఫ్ (రహ్మ) పేద ఇంటి పిల్లవాడు. అతన్ని చాకలి పనిలో పెడదామని ఇంటివారు చదువు మధ్యలో తీసుకుపోయేవారు. ఆపింది తండ్రి అని కొన్ని కథనాలు, తల్లి అని కొన్ని. వాళ్ళు దుర్మార్గులు కారు, ఇంట్లో తినడానికి లేదు. అబూ హనీఫా (రహ్మ) ఆ పిల్లవాడికి సబ్ర్ గురించి ఉపన్యాసం ఇవ్వలేదు. దిర్హముల సంచి చేతిలో పెట్టి, అయిపోతే చెప్పమన్నారు. ఆ పిల్లవాడే తర్వాత హారూన్ రషీద్ పాలనలో ప్రధాన ఖాజీ అయ్యాడు. పరిగిలో, వికారాబాదులో, తాండూరులో బట్టల దుకాణాలున్న, నాపరాళ్ళ గనులున్న ముస్లిం సోదరులు లేకపోలేదు. అర్హత గల పేద విద్యార్థికి జకాత్ ఇవ్వవచ్చన్నది ఉలమా చెప్పినదే. ‘మన పిల్లల్లో శాస్త్రవేత్తలు లేరు’ అని మిలాద్ సభల్లో వాపోయేవారు ఒక్కొక్కరు ఒక్క విద్యార్థి రెండేళ్ళ హాస్టలు ఖర్చు భరిస్తే, దర్జీ తండ్రి ఇలాంటి ఉత్తరం రాసే అవసరం ఉండదు.

హాస్టలు మాట వచ్చింది కాబట్టి ఇదీ చెప్పాలి. ఖర్చు తగ్గుతుందని రోజూ పరిగి నుండి బస్సులో వెళ్ళి రావచ్చని అమ్మాయి రాసింది. పరిగికి రైలు లేదు. 2025 నవంబరు 3న తాండూరు నుండి హైదరాబాదు వెళుతున్న ఆర్.టి.సి. బస్సును చేవెళ్ళ దగ్గర మీర్జాగూడ వద్ద కంకర టిప్పర్ ఢీకొన్నప్పుడు చనిపోయినవారిలో చదువుకుంటున్న ఆడపిల్లలూ ఉన్నారు. అల్లాహ్ వారిని కరుణించుగాక. చావు ఎక్కడైనా రాసిపెట్టి ఉంటుంది, కానీ ఒంటెను కట్టేసి ఆ తర్వాతే అల్లాహ్‌పై భారం వేయమన్నారు ప్రవక్త (సల్లం). రోజూ ఆ రోడ్డు మీద నాలుగైదు గంటలు పోతే ఫిజిక్స్ చదివేదెప్పుడు?

ఇద్దరూ ఇస్తిఖారా గురించి అడిగారు. తప్పక చేయండి. దైవప్రవక్త (సల్లం) దాన్ని ఖుర్ఆన్ సూరా నేర్పినంత శ్రద్ధగా సహాబాలకు నేర్పారని హజ్రత్ జాబిర్ (రజి) తెలిపారు. అయితే మన ఇళ్ళల్లో అది వేరే రూపం దాల్చింది. ఎవరో హజ్రత్‌తో చేయించడం, కలలో పచ్చరంగు కనిపిస్తే మంచిదని, ఎరుపు కనిపిస్తే చెడ్డదని అనుకోవడం. హదీసులో రంగులూ లేవు, కల రావాలన్న షరతూ లేదు. రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి, ఇది నా ధర్మానికి, నా బతుకుకు మేలైతే సులభం చేయమని, కీడైతే నన్ను దాని నుండి మరల్చి, మేలు ఎక్కడున్నా దాన్నే నాకు రాసిపెట్టి దానిపై నన్ను సంతృప్తిపరచమని అల్లాహ్‌ను వేడుకోవాలి. అవసరం ఎవరిదో వాళ్ళే చేసుకోవాలి. సలహా తీసుకోవడం దానితోపాటు సాగాలి. ఫిజిక్స్ చదివిన ఒకరిని, మందుల కంపెనీలో పనిచేస్తున్న అమ్మాయిని ఒకరిని, ఇద్దరినీ కలిసి మాట్లాడండి.

మా సలహా అడిగారు కాబట్టి చెబుతున్నాం. మామూలు ఫీజుతో సీటు వచ్చి, హాస్టలు దొరికి, వడ్డీ ఊసు లేకపోతే, అమ్మాయిని ఫిజిక్స్‌లో చేర్పించండి. రెండేళ్ళ తర్వాత నెట్ రాకపోతే బి.ఎడ్. చేస్తానని ఆమె ముందే తండ్రికి మాట ఇవ్వాలి. ఈ షరతుల్లో ఏది తప్పినా కెమిస్ట్రీలో చేరడం ఆమెకు ఓటమి కాదు. మేము దూరంగా కూర్చుని రాస్తున్నాం, ఇంటి పరిస్థితి మీకు తెలిసినంత మాకు తెలియదు. పొరపాటు ఉంటే అల్లాహ్ మన్నించుగాక.

తండ్రి గారికి చిన్న విన్నపం. ఆప్షన్లు పెట్టే గడువు లోపల ఒక సాయంత్రం దుకాణం కాస్త ముందుగా కట్టేసి ఇంటికి రండి. గ్రహణం ఎందుకు పడుతుందో అమ్మాయిని అడిగి, ఆమె చెప్పింది పూర్తిగా వినండి. దర్జీ పనిలో కొలత, కోత, లెక్క మీకు బాగా తెలుసు. ఆమె చెప్పేది మీకు అర్థమవుతుంది. ఆ మాటలో పట్టు ఉందో లేదో మాకంటే మీకే ముందు తెలుస్తుంది.